ఇనుము లేని గది

మధ్యాహ్నం భోజనాలయ్యాక తెనాలి ఊరికి కాస్త కునుకు పడుతుంది. ఆటోల మోత తగ్గుతుంది. స్టేషన్ వైపు నుంచి రైలు కూత కూడా ఎవరి నిద్రా చెడగొట్టకూడదన్నట్టు మెల్లగా వినిపిస్తుంది. ఆ వేళ బిందుమాధవి వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది.

అవతల రమేష్ బాబు గారు. హైదరాబాదులో కూర్చుని ఉపగ్రహం పంపే లెక్కలు చూసే బృందానికి పెద్దాయన. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు గబగబా మాట్లాడుతున్నాడు.

"అమ్మా బిందుమాధవీ, సూర్యుడి నుంచి బయల్దేరిన ఉప్పెన భూమిని తాకేసింది. ఉత్తర ధ్రువం చుట్టూ ఆకాశం మండిపోతోంది. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో ఆ వెలుగు వలయం ఎంత వెడల్పుందో చూస్తే నోట మాట రాదు. సాయంత్రం దీపాల వేళకి ఆ ఉపగ్రహం ధ్రువం దాటి కిందికి దిగి, సరిగ్గా మన బాపట్ల మీదుగా పోతుంది. ఆ వేళకి నువ్వు గదిలో కొలతలు తీస్తూ ఉండాలి."

"ఉంటానండి."

"ఈ రికార్డు చక్కగా వచ్చిందా, ఆ వెలుగు చూడటానికి ఉత్తరానికి వెళ్ళే బృందంలో సీటు నీదే. మాటిస్తున్నా. రాలేదనుకో, వేరే బృందం వాళ్ళు ఎగరేసుకుపోతారు. ఈమధ్య నీ అంకెల్లో కొంచెం వంకర వస్తోంది, చూసుకో."

బిందుమాధవి ఊళ్ళోనే ఓ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ధ్రువాల దగ్గర ఆకాశం పచ్చగా, ఎర్రగా తెరలు తెరలుగా ఎలా వెలుగుతుందో పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చూపించడమే గానీ, తను కళ్ళారా చూసింది లేదు. చూడాలన్నది మాత్రం చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. ఆ పిచ్చితోనే బాపట్ల గదిలో పనిచేస్తోంది. ఉత్తరాన ఆకాశం వెలిగినప్పుడు మన వైపు ఆ వెలుగేమీ కనబడదు. భూమి అయస్కాంతబలం మాత్రం ఇక్కడ కూడా కాస్త కుంగుతుంది. పైనుంచి ఉపగ్రహం కొలిచిన లెక్క, అదే క్షణాన కింద మనిషి కొలిచిన లెక్క పక్కపక్కన పెడితేనే ఆ కుదుపు ఎంతో తేలుతుంది. అందుకని బాపట్ల దాటి సముద్రం వైపు పోయే దారిలో, సరుగుడు తోటల మధ్య ఆ గది కట్టారు.

ఆ గదిలో ఇనుము లేదు. ఒక్క మేకంత కూడా లేదు. సున్నం గోడలు, తాటాకు కప్పు, ఇత్తడి బందులు, రాగి మేకులు. లోపలికి వెళ్ళే మనిషి ఒంటి మీద కూడా ఇనుము ఉండకూడదు. గుండుసూది ఉన్నా లోపలి ఇత్తడి యంత్రం కంగారు పడిపోయి అబద్ధం చెబుతుంది.

ఇక అసలు సంగతి దాచడం దేనికి, బిందుమాధవికి కుళ్ళు. చిన్నా చితకా కుళ్ళు కాదు, కంటికి నిద్ర పట్టనివ్వని కుళ్ళు. అదీ చచ్చిపోయిన మనిషి మీద.

ఆ మనిషి పేరు స్నేహలత. రేపల్లె అమ్మాయి. ఇద్దరూ ఎమ్మెస్సీ కలిసి చదివారు, ఆ గదిని కలిసి నిలబెట్టారు. అయితే కలిసి చేసిన పనికి పేరెప్పుడూ స్నేహలతకే వచ్చేది. ఆమె కన్ను అలాంటిది. ఆ యంత్రానికున్న దుర్బిణిలో వెంట్రుకవాసి గీతని చూసి ఆమె చెప్పిన అంకెకి తిరుగులేదనేవారు. ఉత్తరానికి పంపడానికి మొదట ఎంచుకున్నదీ ఆమెనే. టీవీలో మాట్లాడించారు. స్నేహలత మంచులో వేసుకునే బూట్లు కూడా కొనుక్కుంది. ఆ బూట్లు వేసుకుని తెనాలి ఎండలో బిందుమాధవి ఇంటికి వచ్చి, "ఎలా ఉన్నాయే?" అని అడిగింది. బాగున్నాయంది బిందుమాధవి. ఆ రోజు అన్నం సహించలేదు.

తర్వాత మాఘమాసంలో స్నేహలతకి జ్వరం తగిలింది. వారం తిరగకుండానే పోయింది. బిందుమాధవి ఆసుపత్రిలో మంచం పక్కనే కూర్చుంది, కొబ్బరినీళ్ళు తాగించింది, నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే లోపల ఓ మూల, ఇక ఆ సీటు ఖాళీ అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది కూడా లేదు.

పీడ వదిలిందనుకుంటే వదల్లేదు. గది గోడకి స్నేహలత పేరుతో చెక్క బోర్డు కొట్టారు, రాగి మేకులతో. మీటింగుల్లో ఆమె ఫోటోకి దండ వేసి మరీ మొదలుపెట్టేవారు. బతికున్న మనిషి మీద కుళ్ళుకుంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ మనిషి తప్పు చేస్తుంది, మన కడుపు చల్లబడుతుంది. పోయినవాళ్ళు తప్పు చేయరు. బిందుమాధవికి ఆ ఊరట కూడా లేకుండా పోయింది.

మూడింటికల్లా కారులో బయల్దేరారు. కారు నడుపుతున్నది ఆమె భర్త వినయ్ కుమార్. ఎరువుల కొట్టు ఉంది, నెమ్మదస్తుడు, భార్య మాటకి ఎదురు చెప్పడు. నవ్వడం మాత్రం బహు తక్కువ. పొన్నూరు దాటాక కాలువ గట్టు మీద పోతుండగా, కోతకొచ్చిన వరిచేల వైపు చూస్తూ అన్నాడు.

"పాపం, స్నేహలత ఉంటే ఈ రోజు ఎంత సంబరపడేదో."

బిందుమాధవి కిటికీ వైపు తిరిగింది. ఈయన్ని గట్టిగా నవ్వించగలిగిన మనిషి లోకంలో స్నేహలత ఒక్కతే. 'బావగారూ' అని పిలిచి ఏదో ఒకటి అనేది, ఈయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. వాళ్ళిద్దరి మధ్యా ఏమీ లేదని బిందుమాధవికి తెలుసు. ఏమైనా ఉంటే పోట్లాడొచ్చు, నవ్వు మీద ఏమని పోట్లాడుతుంది?

"ఆవిడ లేదుగా. నేనున్నాను," అంది.

ఆయన గేరు మార్చి, ముందున్న ఎడ్లబండిని దాటించాడు.

కారు ఇనుము కాబట్టి రోడ్డు మీదే ఆపాలి. అక్కడి నుంచి ఇసుకలో నడక. రెండు వైపులా సరుగుడు తోటలు, గాలికి వాటి ఆకులు ఆగకుండా హోరుమంటున్నాయి. ఎక్కడో చేపలు ఎండేసిన వాసన. తోట చివర వెదురు గేటు, గేటు లోపల గది, చుట్టూ తుమ్మముళ్ళ కంచె. గేటు దగ్గర సుబ్బులు నిలబడి ఉంది. పక్క పల్లెకారుల వాడలో ఉంటుంది, పొద్దున పూట చేపలమ్ముకుంటుంది, సాయంత్రం గది ఊడ్చి దీపం పెడుతుంది.

గేటు తాడుకి ఏదో వేలాడుతోంది. దగ్గరికెళ్ళి చూస్తే జానెడు పొడవున్న పడవ మేకు, తుప్పు పట్టి ఎర్రగా ఉంది.

"ఏంటే ఇది?" అంది బిందుమాధవి.

"మేకండి."

"మేకని కనబడుతోంది. ఎవరు కట్టారు?"

"నేనే కట్టానండి. మాఘమాసం కాణ్ణుంచీ కట్టే ఉంచుతన్నా, మీరు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మాత్రం తీసేత్తన్నా. ఇయ్యాల మీరు పెందలాడే వత్తారని తెలీక తీయలేదు." సుబ్బులు గొంతు తగ్గించింది. "బాలింత మంచం కింద ఇనప ముక్క ఎట్టుకోమా అండి? అలాగే, లోపలిది గేటు దాటి రాకండా. స్నేహలతమ్మ గారు పోయిన కాణ్ణుంచీ సీకటి పడితే లోపల మాటలినబడతన్నాయండి. ఒక గొంతు అంకెలు సెబితే, ఇంకో గొంతు మళ్ళీ అవే తిరిగి సెబుతందండి. మీరు రాని రోజుల్లో కూడానండి."

వినయ్ కుమార్ గేటు మీంచి చెయ్యి తీసేశాడు.

బిందుమాధవి చెవికెక్కింది ఒక్క పేరే. పోయాక కూడా దీనికి నా గదే కావాలా, అనుకుంది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చి మనసు తేలికపడింది. మాఘమాసం నుంచేగా అంకెల్లో వంకర వస్తున్నది? అయితే ఆ వంకర తన కంటిది కాదు, ఈ మేకుది. గేటు దగ్గరున్న మేకు లోపలి యంత్రాన్ని అంత కదపలేదని ఆమె చదువు చెబుతూనే ఉంది. ఆమె వినదలుచుకోలేదు.

"తియ్యి. ఇప్పుడే తియ్యి. పట్టుకుని మీ ఇంటికి పో. ఇంకోసారి ఇక్కడ ఇనుము కనబడిందంటే నీకు ఈ పని ఉండదు."

"అమ్మగారూ, ఈ ఒక్క పూటకీ ఉంచండి..."

"తియ్యమన్నానా!"

సుబ్బులు మేకు విప్పి కొంగులో చుట్టుకుంది. కంచె లోపల, ఆ కొసనున్న తెల్లరాయి దగ్గర దీపం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వాడ వైపు వెళ్ళిపోయింది.

బిందుమాధవి గేటు దగ్గరే ఒక్కొక్కటీ తీసింది. వాచీ, ఫోను, తలపిన్నులు. కొంగుకున్న పిన్నీసు తీస్తే చీర భుజం మీంచి జారింది, బొడ్లో దోపుకుంది. చివరికి మంగళసూత్రానికి వేలాడే పిన్నీసులు. పెళ్ళైన నాటి నుంచీ ఆ గొలుసుకి అవి ఉండాల్సిందే, మెడ బోసిపోయినట్టనిపించింది. అన్నీ తీసి భర్త చేతిలో పోసింది. ఆయన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నేనూ ఇక్కడే ఉండనా?" అన్నాడు.

"మీ బెల్టు బకిల్ చాలదా, కొంప ముంచడానికి? కారు దగ్గర ఉండండి. అయ్యాక కేకేస్తాను."

ఆయన ఇసుకలో నడుచుకుంటూ వెళ్ళాడు. చెప్పులు గేటు బయట విడిచి, బిందుమాధవి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

గదిలో తడి సున్నం వాసన. నడుమ రాతి దిమ్మె మీద ఇత్తడి దుర్బిణి. దాని ముందు ఒక పీట, చూసే మనిషికి. వెనక గోడ వారగా ఇంకో పీట, రాసే మనిషికి. ఈ పనికి ఇద్దరుండాలన్నది నియమం. ముందు మనిషి అంకె చెబితే, వెనక మనిషి దాన్ని తిరిగి చెప్పి రాసుకోవాలి. సగం కాగానే ఇద్దరూ చోట్లు మారాలి, ఒక్క కంటికే ఉండే లోపం లెక్కలోకి రాకుండా. స్నేహలత పోయాక ఇంకొకర్ని పెట్టుకోమని రమేష్ బాబు గారు చెప్పి చూశారు. బిందుమాధవి ఒప్పుకోలేదు. మళ్ళీ ఇంకొకరితో పేరు పంచుకునే ఓపిక ఆమెకి లేదు. చూసేదీ తనే, రాసేదీ తనే.

బయట వెలుగు తగ్గిపోతోంది. గోడ మీది చిన్న పెట్టె నిమిషానికోసారి బీప్‌మంటోంది. గాలి పడిపోయింది. సరుగుడు హోరు ఆగిపోయాక గానీ, అప్పటిదాకా అది ఎంత పెద్దగా వినబడుతోందో ఆమెకి తెలియలేదు.

మొదట గురి చూసుకోవాలి. చిన్న కిటికీలోంచి చూస్తే కంచె లోపలే, ఆ కొసన, తెల్లరాయి ఉంటుంది. దాని మీద నల్లగీత, పక్కన దీపం. ఏ కొలతకైనా అదే మొదలు. పాతకాలపు దుర్బిణి కాబట్టి అందులో లోకమంతా తలకిందులుగా కనబడుతుంది. అలవాటైన కంటికి అదేమీ వింత కాదు.

బిందుమాధవి కన్ను ఆనించింది. తలకిందులుగా సరుగుడు చెట్లు, తలకిందులుగా రాయి, దీపం.

రాయి పక్కన ఎవరో నిలబడి ఉన్నారు.

కన్ను తీసి కిటికీలోంచి చూసింది. దీపం మిణుకుమంటోంది, ఇంకేం లేదు. మళ్ళీ దుర్బిణిలో చూసింది. ఉన్నారు. మొహం తెలియడం లేదు, ఒంటి రంగు తెలియడం లేదు, కదలడం లేదు. ఆ ఆకారంలో ఏదో తేడా ఉంది. ఏంటో అంతుపట్టలేదు.

సుబ్బులు వెనక్కి వచ్చి ఉంటుంది, అనుకుంది. గుండె మాత్రం ఆ మాట నమ్మలేదు.

బీప్‌మంది. ఆలస్యం చేయడానికి లేదు. ఈపాటికి ఉపగ్రహం ఆ పచ్చటి వెలుగు మీంచి దిగి వస్తూ ఉంటుంది. మర తిప్పి, అంకె చదివింది. ఒంటరిగా చేసేటప్పుడు కూడా పైకి చదవడం అలవాటు.

"పదిహేడు... నలభై రెండు."

వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు.

"పదిహేడు, నలభై రెండు."

చేతి వేళ్ళు ఇత్తడి మర మీద బిగుసుకుపోయాయి. వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన పని కూడా లేకపోయింది... గదిలో లవంగం వాసన వస్తోంది. పన్ను నొప్పని చెప్పి ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకుని తిరిగే మనిషి ఒక్కతే.

భయం వేసింది. ఎందుకు వేయదు? కేక పెడితే కారు దగ్గర్నుంచి ఆయన పరుగున వస్తాడు, బకిల్‌తో సహా, జేబులో పిన్నీసులతో సహా. ఆ ఇనుము గదిలో అడుగు పెట్టిందంటే ఇది బయటికి పోతుంది. రికార్డూ పోతుంది. ఉత్తరమూ పోతుంది.

బిందుమాధవి నోరు మూసుకుంది. మర తిప్పింది.

"పంతొమ్మిది... ఎనిమిది."

"పంతొమ్మిది, ఎనిమిది."

ఒక్కొక్క అంకే చెబుతోంది, ఒక్కొక్క అంకే తిరిగి వస్తోంది. పదేళ్ళు ఇలాగే చేశారు. కాసేపటికి ఆ లయ కూడా పాతదే అయిపోయింది. అప్పుడు వినబడింది గుసగుస, చెవి పక్కనే.

"బిందూ... రాయి వైపు చూశావా?"

బిందుమాధవి మర ఇంకాస్త తిప్పింది.

"ఇంకా అక్కడే ఉందా? చూసి చెప్పవే... ఇక్కడ దానితో ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానే."

బిందుమాధవి ఒళ్ళు మండింది. నాటకం! బతికున్నప్పుడూ ఇంతే, తన చెయ్యి ఆపడానికి ఏదో ఒకటి. ఉత్తరం బిందుమాధవికి దక్కుతుంటే చూడలేక వచ్చింది.

"నోరు మూసుకుని అంకె చెప్పు," అని పళ్ళ బిగువున అంది.

మళ్ళీ గురి చూడాల్సిన వంతు వచ్చింది. కన్ను ఆనించింది. ఆకారం ఉంది. రాయి పక్కన కాదు, రాయికి ఇవతల. లవంగం వాసనేమో మెడ వెనకే ఉంది. అయితే అక్కడున్నది...

ఆ ఆలోచనని అక్కడే తెంపేసింది. బీప్‌మంది.

గదిలో ఉన్న ఒక్క చిన్న బల్బూ మసకేసింది. అంకెల గీతలు ఒకటి రెండుగా కనబడ్డాయి. కన్ను నులుముకుంది, కళ్ళద్దాలు తుడుచుకుంది. పదిహేడా, పద్దెనిమిదా? నలభయ్యా, యాభయ్యా? ఎంత చూసినా గీత నిలవడం లేదు. ఉపగ్రహం నెత్తి మీదికి వచ్చే వేళైంది. అది మళ్ళీ ఇటు తిరిగే లోపు ఈ తుఫాను చల్లారిపోతుంది. వంకర మేకుది కాదు, తన కంటిదే. ఆ సంగతి ఆమెకి ఎన్నాళ్ళ నుంచో తెలుసు.

"లేవే," అంది గొంతు. "నీకు కనబడటం లేదు. సగం అయిపోయింది. ఇప్పుడు నా వంతు."

"నీకెందుకిస్తాను?"

"వద్దులే మరి. తప్పు రాసి పంపుకో."

ఎంత నెమ్మదిగా అందో ఆ మాట! పదేళ్ళుగా ఏ కంటిని చూసి కుళ్ళుకుందో, ఆ కన్ను ఎంత నిక్కచ్చిదో బిందుమాధవికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మనసు గబగబా లెక్క వేసుకుంది. చూసేది అది, రాసేది నేను. పంపే కాగితం మీద పేరు నాది. పచ్చటి ఆకాశం కింద నిలబడేది నేను. చచ్చినదాని చేత చాకిరీ చేయించుకుంటే తప్పేముంది? ఆ ఆలోచనకి ఆమెకి నవ్వు కూడా వచ్చింది.

లేచింది.

ఇరుకు గదిలో ఇద్దరు చోట్లు మారేటప్పుడు ఎప్పుడూ తగిలినట్టే భుజానికి భుజం తగిలింది. చల్లగా ఉంది. అంతే. బిందుమాధవి వెళ్ళి వెనక పీట మీద కూర్చుంది.

ముందు నుంచి అంకెలు గలగలా వచ్చాయి. ఎక్కడా తడబాటు లేదు. ఒక్కొక్కటీ ఆమె తిరిగి చెప్పింది. పెన్సిలు పట్టుకున్నానా లేదా అని మధ్యలో ఒకసారి అనుమానం వచ్చింది. చేతిలో బరువు తెలియడం లేదు. కాళ్ళ కింద ఇసుక గరగర తెలియడం లేదు. బీప్... బీప్... చివరి అంకె. ముందు పీట మీది మనిషి ఒళ్ళు విరుచుకుని, వెనక్కి తిరిగింది.

నూనె రాసిన జడ బిందుమాధవిది. ప్లాస్టిక్ కళ్ళద్దాలు బిందుమాధవివి. బొడ్లో దోపిన కొంగు, బోసిగా ఉన్న గొలుసు, మొహం... అన్నీ బిందుమాధవివే. కుడి బుగ్గన మాత్రం చిన్న ఉబ్బు ఉంది, లవంగమంత.

"ఎంత బాగా వచ్చాయో చూడు," అంది ఆ మనిషి మెల్లగా. "రమేష్ బాబు గారు చాలా సంతోషిస్తారు."

కాగితాలు తీసుకుంది. తలుపు తీసుకుని బయటికి నడిచింది.

బిందుమాధవి అరిచింది. గదిలో ఏ చప్పుడూ కాలేదు. లేచి వెంటపడింది. గేటు దగ్గర "ఏవండీ!" అన్న కేక వినబడింది, తన గొంతే, తను వేసింది కాదు. రోడ్డు వైపు నుంచి ఫోన్ వెలుగు ఊగుతూ వచ్చింది.

"అయిపోయిందా? బాగా వచ్చిందా?" వినయ్ కుమార్ ఆయాసపడుతున్నాడు. జేబులో చెయ్యి పెట్టాడు. "ఇదిగో, నీ పిన్నీసులు."

ఆ మనిషి గేటు దాటి, తాడు ఆయనకి కనబడేట్టు ఒక అడుగు పక్కకి జరిగింది.

"నాకిప్పుడొద్దు. ఆ గేటు తాడుకి గుచ్చేయండి."

"గేటుకా? ఎందుకు?"

"సుబ్బులు మేకు తీయించేశానుగా, పాపం బెంగపెట్టుకుంటుంది. అన్నీ గుచ్చేయండి. తలపిన్నులు కూడా."

భార్య మాటకి ఎదురు చెప్పని మనిషి కదా. ఫోన్ పళ్ళతో పట్టుకుని, ఆ వెలుగులో ఒక్కొక్కటే జాగ్రత్తగా గుచ్చాడు. బిందుమాధవి గేటు దాకా పరిగెత్తింది. తాడు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. చెయ్యి చాపలేకపోయింది. పొయ్యి ముందు మొహం పెట్టినట్టు సెగ కొట్టి వెనక్కి తోసింది. ఆమె ఆయన మొహంలోకి చూస్తూ పిలిచింది, ఏడ్చింది. ఆయన ఆఖరి పిన్నీసు నొక్కి, అరచేతులు దులుపుకున్నాడు.

"పదండి బావగారూ, ఆకలేస్తోంది," అంది ఆ మనిషి.

వినయ్ కుమార్ ఒక్క క్షణం నోరు తెరిచి నిలబడ్డాడు. తర్వాత నవ్వాడు. పొట్ట పట్టుకుని, సరుగుడు తోటంతా వినబడేట్టు నవ్వాడు. ఇద్దరూ ఇసుకలో నడుచుకుంటూ వెళ్ళిపోయారు. కారు తలుపులు పడ్డాయి. లైట్లు చెట్ల మీద ఒకసారి తిరిగి పోయాయి.

ఆ చీకట్లో బిందుమాధవికి మొదట కలిగింది భయం కాదు. కుళ్ళే. అది చూస్తుంది. పచ్చటి తెరలు ఊగుతుంటే నా కళ్ళతో అది చూస్తుంది. నా పేరుతో చూస్తుంది. కాలు నేలకేసి కొట్టింది. ఇసుక మీద అచ్చు పడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది సుబ్బులు మాట. ఒక గొంతు అంకె చెబితే... ఇంకో గొంతు తిరిగి చెబుతుంది.

మాఘమాసం నుంచీ ఇక్కడున్నది స్నేహలత. మరి ఆ రెండో గొంతు ఎవరిది?

గేటుకి ఇనుముంది. ఏదీ లోపలికి రాలేదు. కానీ తెల్లరాయి ఉన్నది కంచె లోపలే.

వెనక్కి, గదిలోకి పరిగెత్తింది. ఇంకెక్కడికి పోతుంది? కిటికీలోంచి చూస్తే దీపం ఒక్కటే. దుర్బిణి ముందు కూర్చుని కన్ను ఆనించింది.

తలకిందులుగా చెట్లు. తలకిందులుగా రాయి. తలకిందులుగా దీపం.

రాయికీ గదికీ మధ్య సగం దూరంలో, ఆకారం. ఇందాక అంతుపట్టని తేడా ఇప్పుడు తెలిసింది... అన్నీ తలకిందులుగా కనబడే ఆ దుర్బిణిలో, అది ఒక్కటే నిటారుగా కనబడుతోంది. అంటే బయట, ఆ ఇసుక మీద...

కన్ను తీసేసింది. బీప్‌మంది. ఊపిరి లేకపోయినా ఊపిరి బిగబట్టి, మళ్ళీ చూసింది.

చెట్లు. రాయి. దీపం. ఇంకేం లేదు. పోయింది. ఎంతసేపు చూసినా ఏమీ లేదు.

మనసు కుదుటపడటానికి ఏదో ఒకటి చేయాలనిపించింది. పదేళ్ళ అలవాటు. అంకెల మీదికి వంగి, పెదాలు కదిపీ కదపకుండా చదివింది.

"పదిహేడు... నలభై ఒకటి."

వెనక పీట కిర్రుమంది. లవంగం వాసన లేదు. తడి ఇసుక వాసన వస్తోంది.

"పదిహేడు, నలభై ఒకటి," అని ఎవరో మెల్లగా తిరిగి చెప్పారు.